ఎందుకంటే… కాబట్టి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది. మధ్యాహ్నం పూట వెళ్తే కుర్చీ దొరకడం కష్టం. అలాగని అందరూ బీరువాల్లోంచి నవలలు తీసి చదువుతున్నారనుకోకండి. ఎవరి పుస్తకాలు వాళ్లే సంచుల్లో తెచ్చుకుంటారు. బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్, గ్రూప్స్. చుట్టుపక్కల వీధుల్లోని కోచింగ్ సెంటర్లలో పొద్దున్న విన్నదాన్ని ఇక్కడ ఫ్యాన్ కింద కూచుని మళ్లీ నెమరేస్తారు. మా అక్క కూతురు కూడా వాళ్లలో ఒకర్తె. ఆమధ్య ఒక ఆదివారం నేను పలకరించడానికి వెళ్తే, మాక్ టెస్టు కాగితం తీసి నా ముందు పెట్టింది.

తప్పు పట్టుకోమనే ప్రశ్న. ‘బికాజ్ ద షిప్ వాజ్ లేట్, సో ద అన్‌లోడింగ్ కుడ్ నాట్ స్టార్ట్.’ వాక్యాన్ని నాలుగు ముక్కలు చేశారు. తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పాలి, లేకపోతే ఐదో గడిలో ‘తప్పు లేదు’ అని పెట్టాలి. తను ‘తప్పు లేదు’ అని పెట్టింది. రావలసిన మార్కు రాలేదు, పైగా పావు మార్కు కోత.

“ఇందులో తప్పేటుంది మావయ్యా?”

కోచింగ్ మాస్టారు చెప్పే జవాబే నేనూ చెప్పాను. బికాజ్ ఉంటే సో ఉండకూడదు, ఏదో ఒకటే ఉండాలి. “అదే, ఎందుకుండకూడదు?” అంది. “ఎందుకంటే, ఒకటి చాలు కాబట్టి,” అన్నాను.

అన్నాక ఇద్దరం మొహాలు చూసుకున్నాం. నేను ‘ఎందుకంటే’ అన్నాను, ‘కాబట్టి’ కూడా అన్నాను. ఒక్క కారణానికి రెండు అతుకులు. ఏ తప్పుకి తన మార్కు పోయిందో, ఆ తప్పునే అంతకంటే శుద్ధంగా చేసి చూపించాను. కాకపోతే నేను చేసింది తెలుగులో. తెలుగులో అది తప్పు కాదు. ఈ ఊళ్లో రోజూ అందరూ అలాగే మాట్లాడతారు. ‘నిన్న రాలేదేం?’ ‘ఎందుకంటే ఒంట్లో బాలేదు కాబట్టి.’ విన్నవాళ్లెవరూ మార్కు కొయ్యరు.

ఇంగ్లీషు పరీక్షల్లో ఈ కారణం చెప్పే అతుకుల మీద, అంటే బికాజ్, సో, సిన్స్, యాజ్, దేర్‌ఫోర్, డ్యూ టు లాంటి వాటి మీద, ప్రశ్న రాకుండా ఉండదు. మనవాళ్లు తప్పులు చేసేది కూడా ఇక్కడే ఎక్కువ. ఇది తెలివికి సంబంధించిన సంగతి కాదు, వాక్యం కట్టుబడికి సంబంధించినది. తెలుగు వాక్యంలో కారణం ముందు వస్తుంది, కార్యం వెనక వస్తుంది. ‘ఓడ ఆలస్యంగా వచ్చింది కాబట్టి సరుకు దించడం మొదలు కాలేదు.’ ఇక్కడ ‘కాబట్టి’ ఎవరిది? ముందున్న కారణానిదే, దాని తోకకి అంటుకుని ఉంది. చెవికి మాత్రం అది రెండు వాక్యాల నడుమ నిలబడ్డట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషులో నడుమ నిలబడేది ‘సో’. అందుకని బళ్లో మనకి సో అంటే కాబట్టి అని నేర్పుతారు, బికాజ్ అంటే ఎందుకంటే అని నేర్పుతారు. రెండు జతలూ అర్థంలో సరిపోతాయి, కట్టుబడిలో సరిపోవు. బికాజ్ కారణంతోపాటు ఎక్కడికైనా పోతుంది, వాక్యం మొదటికైనా సరే, మధ్యకైనా సరే. ఎందుకంటే అలా పోలేదు. కార్యం చెప్పేశాకే నోరు తెరుస్తుంది.

‘ఎందుకంటే’ని విడగొట్టి చూడండి. ఎందుకు, అంటే. ‘ఎందుకు అని మీరు అడిగితే’ అని అర్థం. చెప్పేవాడే వినేవాడి తరఫున ఒక ప్రశ్న వేసుకుని దానికి జవాబు చెప్తున్నాడన్నమాట. మన బికాజ్ లోపల ఇద్దరు మనుషులున్నారు. తమిళంలో ‘ఏనెన్ఱాల్’, కన్నడంలో ‘ఏకెందరె’ కూడా ఇదే కట్టుబడి. ‘కాబట్టి’ సంగతి వేరు. అది ‘కా’, ‘పట్టి’ కలిసి ఏర్పడ్డ మాట. అలా అయినదాన్ని పట్టుకుని, అని. చిన్నప్పుడు విభక్తులు బట్టీ పట్టినవాళ్లకి ‘వలన, కంటె, పట్టి’ పంచమి అని గుర్తుండే ఉంటుంది. ఆ పట్టే ఈ బట్టి. ఇంగ్లీషు బికాజ్‌ని కూడా తవ్వితే ‘బై కాజ్’, కారణం చేత, అని తేలుతుంది. మాటలకి మాటలు దగ్గరగానే ఉన్నాయి. గొడవంతా అవి నిలబడే చోటు గురించి.

ఒక కారణానికి ఒకటే అతుకు అన్నది లోక నియమమేమీ కాదు. చైనీస్‌లో ‘యిన్‌వెయ్’ అని మొదలుపెడితే రెండో వాక్యం ముందు ‘స్వోయి’ రావడం మామూలు. అంటే బికాజ్, సో జంటగా రావడం అక్కడ మంచి వ్యాకరణం. హిందీవాళ్లు ‘చూంకి’ అని మొదలుపెట్టి ‘ఇస్లియే’ అని అందుకుంటారు. మా మేనకోడలు చేసిన తప్పుని షాంఘై కుర్రాడూ చేస్తాడు, కాన్పూర్ కుర్రాడూ చేస్తాడు. ఎడిన్‌బరోలో భాషాశాస్త్రం చెప్పిన పిట్ కోర్డర్ 1967లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ రకం తప్పుల్ని పనికిరాని చెత్తగా చూడొద్దన్నాడు. నేర్చుకునేవాడి బుర్రలో అప్పటికి ఎలాంటి వ్యాకరణం నడుస్తోందో చూపించే సాక్ష్యాలవి. పావు మార్కు కోసే కంప్యూటర్‌కి ఈ సాక్ష్యంతో పని లేదు, అది వేరే సంగతి.

నాకు ఆసక్తి కలిగింది ఇంకో విషయంలో. రెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్తే, ఇదే ఊళ్లో ఇదే పరీక్ష అటు నుంచి ఇటు జరిగింది. అప్పుడు తప్పులు చేసినవాళ్లు తెల్లవాళ్లు.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని తెలుగు చేసే పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలిసిన మనిషి సాయం దొరికింది. నాలుగైదేళ్లకే ఇద్దరు దొరలూ ఇక్కడే పోయారు. వాళ్లు చేసినంతా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. తరవాత ఇదే ఊళ్లో ప్రిచెట్ ఆ పని అందుకున్నాడు. బైబిల్ అనువాదకుడికి అడుగడుగునా అడ్డు తగిలేవి పెద్దపెద్ద వేదాంత పదాలే అనుకుంటాం. ఒక చిన్న మాట కూడా అంతే తగులుతుంది. గ్రీకులో ‘గార్’, ఇంగ్లీషులో ‘ఫర్’. ముందు విషయం చెప్పి, వెనక కారణం తగిలించే మాట. పౌలు ఉత్తరాలు ఈ ఫర్ లేకపోతే నిలబడవు. ఒక మాట చెప్తాడు, ఫర్ అంటాడు, దానికి కారణం చెప్తాడు, మళ్లీ ఫర్ అని ఆ కారణానికి ఇంకో కారణం చెప్తాడు.

దీన్ని తెలుగులో పెట్టాలంటే రెండే దార్లు. ఒకటి, వాక్యాన్ని తిరగేసి కారణాన్ని ముందుకి తెచ్చి ‘గనుక’ అనడం. కానీ కారణానికి కారణం, దానికి కారణం ఉన్న చోట ఎన్నని తిరగేస్తారు? రెండోది, వరసని అలాగే ఉంచి నడుమ ఒక అతుకు వెయ్యడం. తెలుగు బైబిల్ చదివినవాళ్లందరికీ ఆ అతుకు తెలుసు: ఏలయనగా. పాత తెలుగులో ‘ఏలన’ ఉంది, ‘ఏలయన’ ఉంది, కాబట్టి మిషనరీలు దీన్ని పుట్టించారనలేం. కానీ ఒక పేజీలో అన్నిసార్లు అది రావడం, దాని మీదే గద్యం నడవడం, అచ్చుపుస్తకం ద్వారా పల్లెపల్లెకీ వెళ్లడం, ఇవి మాత్రం అనువాదం చేసిన పనులే. ఇవాళ మనం కార్యం ముందు చెప్పేసి, ఫుల్‌స్టాప్ పెట్టి, ‘ఎందుకంటే’ అని కొత్త వాక్యం ఎత్తుకోవడానికి చదువు, పత్రిక, ఇంగ్లీషు అన్నీ కారణాలే. వాటితోపాటు ప్రసంగ వేదికని కూడా లెక్కలో వెయ్యాలని నా అభిప్రాయం.

మతం పని మీద వచ్చినవాళ్లు కాక, ఉద్యోగం మీద వచ్చినవాళ్లకి పరీక్ష నిజంగానే ఉండేది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. కంపెనీ కుర్ర ఉద్యోగులు అక్కడ ఇక్కడి భాషలు నేర్చుకుని పరీక్ష రాయాలి, పాసైతే జీతం పెరుగుతుంది. మన ద్వారకానగర్ వ్యవహారమే! 1816లో ఎ. డి. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ఆ కుర్రాళ్ల కోసం వచ్చిందే. దాని ముందు ఎల్లిస్ రాసిన వ్యాసంలోనే దక్షిణాది భాషలు వేరే కుటుంబమన్న మాట మొదటిసారి అచ్చులో గట్టిగా వచ్చింది. బ్రౌన్ కూడా ఆ కాలేజీలో చదివి పరీక్ష గట్టెక్కి కడప వెళ్లినవాడే. 1873లో మచిలీపట్నం మిషనరీ ఎ. హెచ్. ఆర్డెన్ అభ్యాసాలతో సహా ఇంకో వ్యాకరణం తెచ్చాడు. ఆయన తరవాత కేంబ్రిడ్జిలో తమిళం, తెలుగు పాఠాలు చెప్పాడు.

ఇంగ్లీషువాడికి తెలుగు వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది. వాడికి ‘హూ’, ‘విచ్’లు కావాలి, మనకి లేవు. వాడి బికాజ్ ముందుంటుంది, మన కాబట్టి వెనకుంటుంది. వాడి వాక్యాన్ని చివరి నుంచి మొదటికి చదివితే దాదాపు మన వాక్యం వస్తుంది. ఈ కష్టాన్ని వాళ్లు కష్టంగానే గుర్తించారు. పుస్తకాలు రాసుకున్నారు, ఉదాహరణలు పోగేసుకున్నారు, మున్షీల్ని పెట్టుకున్నారు. మన కష్టం మీద అలాంటి పుస్తకం మన పిల్లల చేతికి రాలేదు. వాళ్ల చేతికి వచ్చింది నెస్‌ఫీల్డ్.

జె. సి. నెస్‌ఫీల్డ్ ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన ఇంగ్లీషు దొర. 1890ల్లో ఆయన గ్రామర్లు దేశమంతా పాకాయి. అతుకుమాటల్ని ఆయన వర్గాలు చేసిన తీరు, ముఖ్యంగా సో, దేర్‌ఫోర్‌లకి పెట్టిన ‘ఇలేటివ్’ అన్న పేరు, తరవాత రెన్, మార్టిన్‌ల 1935 నాటి పుస్తకంలోకి వచ్చి ఇవాళ్టికీ కోచింగ్ నోట్సుల్లో బతికే ఉంది. రెండు చిన్న వాక్యాలిచ్చి ఒకటిగా కలపమనే ‘సింథసిస్’ కూడా ఆ కాలం అలవాటే. మన టెన్త్, ఇంటర్ పేపర్లలో బికాజ్ పెట్టి కలపండి, సో దట్ పెట్టి కలపండి అనేవన్నీ దాని మనవలు. ఎక్కడా ఒక్క మాట ఉండదు: బాబూ, మీ భాషలో ఇది ఇలా ఉంటుంది, మా భాషలో అలా ఉంటుంది, అందుకని ఇక్కడ కాలు జారుతుంది, చూసుకో అని. ఆ పుస్తకాలు పంజాబ్ కుర్రాడికీ, విజయనగరం కుర్రాడికీ ఒకటే. సొంత భాష లేని పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించుకుని రాసినవి.

అలా చదివిన పిల్లవాడు ఎలా తయారవుతాడో గురజాడ చూపించాడు. కన్యాశుల్కంలో వెంకటేశం పరీక్ష తప్పాడు. అయినా ఇంటికెళ్లాక తల్లి ముచ్చటపడి, గిరీశంతో ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. ఆ సంభాషణ గుర్తు తెచ్చుకోండి. రీడర్లోని వాక్యం ఒకటి, పద్యం ముక్క ఒకటి, నోటికొచ్చింది ఒకటి. ఏ వాక్యానికీ పక్క వాక్యంతో సంబంధం లేదు. నవ్వుకుంటాం, బాగానే ఉంది. కానీ గమనించండి, అక్కడ లేనిది సరిగ్గా ఈ అతుకే. వాక్యాలొచ్చు, ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్లడం రాదు. తల్లికి మాత్రం అది ఇంగ్లీషే. ఇప్పుడు పరీక్షలు ఆ లోటునే వెతికి పట్టుకుంటున్నాయి, కానీ పూడ్చే పని మాత్రం పెట్టుకోలేదు.

ఈ ఊరి కథలో తరవాతి మలుపు 1906. ఉత్తర సర్కారు జిల్లాల బళ్లకి ఇన్‌స్పెక్టరుగా జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి వచ్చాడు. తెలుగు క్లాసుల్లో కూచుని విన్నాడు. పిల్లలు ఆరుబయట మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అని ఆయన విశాఖపట్నంలో ఎ. వి. ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. అయ్యంగారు గిడుగు రామమూర్తిని, గురజాడని కలపమన్నారు. వ్యావహారిక భాషోద్యమం అని మనం పెద్ద పేరుతో పిలుచుకునేది అక్కణ్ణించి ఊపందుకుంది. గిడుగు అప్పటికే పర్లాకిమిడిలో ఉండి సవరల భాషని వాళ్ల నోట విని నేర్చుకుంటున్న మనిషి. భాషంటే జనం నోట్లో ఉండేదేనని ఆయనకి పుస్తకాల వల్ల కాదు, సవరల వల్ల తెలిసింది.

సాహిత్య చరిత్రలు ఈ ఉద్యమాన్ని కవుల గొడవగా, పండితుల గొడవగా చెప్తాయి. నిజానికి అది చాలా భాగం పరీక్ష పేపరు గొడవ. 1911 ప్రాంతంలో స్కూల్ ఫైనల్లో దేశభాషలో వ్యాసం రాయడం తప్పనిసరి అయింది. ఏ తెలుగులో రాస్తే మార్కులు? ‘వర్షము కురియుటచేత’ అని రాయాలా, ‘వాన కురిసింది కాబట్టి’ అని రాయొచ్చా? ‘కావున’ ఒప్పు, ‘గాన’ ఒప్పు. మరి ‘అంచేత’? విజయనగరం, విశాఖపట్నం ఇళ్లల్లో పొద్దున లేస్తే వినపడే అతుకు అది. ‘మీ నాన్న రాలేదు, అంచేత నేనే వచ్చాను.’ కాగితం మీద పెడితే గ్రామ్యం. గిడుగు 1913లో ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం రాశాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీకి తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. రెండూ ఇంగ్లీషులోనే! మనం మాట్లాడే తెలుగు తప్పు కాదని నిరూపించడానికి నిర్దుష్టమైన ఇంగ్లీషు కావలసి వచ్చింది. అటు జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా నిలబడ్డారు. పరీక్షల్లో రెండు శైలులకీ కొంతకాలం ఇచ్చిన వెసులుబాటు నిలవలేదు. 1915 నవంబరులో గురజాడ పోయాడు.

అంచేత, ఒక అతుకు ఒప్పా తప్పా అన్నది ఈ ప్రాంతంలో ఎప్పుడూ ఉత్త వ్యాకరణ ప్రశ్న కాదు. ఒప్పు ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, దాంతో ఎవరికి ఉద్యోగం వస్తోంది అన్నవి దాని వెంటే ఉన్నాయి. ఇంగ్లీషు ఒప్పులు కూడా పైనుంచి రాలిపడినవి కావు. ‘డ్యూ టు’ సంగతే చూడండి. పాత నియమం ప్రకారం ఇది విశేషణం, నామవాచకానికే అతకాలి. ‘ఆలస్యం వాన వల్ల కలిగింది’ అనేచోట డ్యూ టు సరే, ‘వాన వల్ల ఆలస్యంగా వచ్చాడు’ అనేచోట బికాజ్ ఆఫ్ కావాలి. 1926లో ఫౌలర్ తన ప్రసిద్ధ నిఘంటువులో రెండో వాడుకని చదువురానివాళ్ల వాడుక అని తీసిపారేశాడు. ముప్ఫై ఏళ్లు తిరిగాక, 1957లో కెనడా పార్లమెంటులో ఎలిజబెత్ రాణి చదివిన ప్రసంగంలో రైతుల ఇబ్బంది గురించి ఒక వాక్యం సరిగ్గా ఆ డ్యూ టు తోనే మొదలైంది. ఫౌలర్ పుస్తకాన్ని 1965లో సవరించిన గవర్స్ ఆ ముక్కని ఉదాహరించి మరీ చూపించాడు. రాణిగారి నోట్లో చెల్లింది మా మేనకోడలి కాగితం మీద చెల్లదు. తెల్లవాళ్లే వదిలేసిన కంచెని మన ప్రశ్నపత్రాలు ఇంకా కాపలా కాస్తున్నాయి.

తమాషా ఏమిటంటే మనకి ఇక్కడ చిక్కే లేదు. తెలుగులో ‘వల్ల’ రెండు చోట్లా పనిచేస్తుంది. దాని ముందు పేరైనా ఉండాలి, లేదా ‘రావడం’, ‘కురవడం’ లాంటి మాటైనా ఉండాలి, అంతే. దానికి ఇంకో గుణం కూడా ఉంది. ‘ఆలస్యం వల్ల’ అంటే చాలు, ఎవరు ఆలస్యం చేశారో చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు పూర్తి వాక్యం కావాలి, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉండాలి. వల్లకి మనిషి అక్కర్లేదు. ఇంగ్లీషు డ్యూ టు కూడా అంతే, బికాజ్‌కి మాత్రం కర్తా క్రియా రెండూ కావాలి. ఆఫీసు కాగితాలకి డ్యూ టు అంటే అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. రేవు పట్నంలో ఇది డబ్బు విషయం కూడా. ఓడ అనుకున్న రోజుల కంటే ఎక్కువ నిలిచిపోతే డెమరేజీ కట్టాలి. ఎవరు కట్టాలన్నది ఆ ఆలస్యం దేని వల్ల జరిగిందన్న దాన్ని బట్టి తేలుతుంది. వానా, క్రేనా, సమ్మా? 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ వచ్చి రేవు తెరుచుకున్నప్పటి నుంచీ ఈ ఊళ్లో ఎన్ని తగువులు ఆ ఒక్క అతుకు మీద నడిచి ఉంటాయో.

ఇంగ్లీషు ప్రశ్నపత్రానికి అందని అతుకు ఒకటి మన దగ్గరుంది. ‘అని’. భద్రిరాజు కృష్ణమూర్తి వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మనిషి, గ్విన్ ఇక్కడ పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారి. ఇద్దరూ కలిసి 1985లో ఆధునిక తెలుగుకి వ్యాకరణం రాశారు. అందులో ఈ ‘అని’ ఎన్ని పనులు చేస్తుందో చదువుతుంటే ముచ్చటేస్తుంది. కారణం చెప్పడం వాటిలో ఒకటి. ‘జ్వరం వచ్చింది కాబట్టి బడికి వెళ్లలేదు’ అంటే జ్వరం వచ్చిందని నేను ఒప్పుకుంటున్నాను. ‘జ్వరం వచ్చిందని బడికి వెళ్లలేదు’ అంటే అది వాడి కారణం. నిజంగా వచ్చిందో లేదో నా పూచీ లేదు. ఒక్క రెండక్షరాలు మారితే కారణం నా చేతిలోంచి వాడి చేతిలోకి వెళ్లిపోయింది. ఇంగ్లీషులో ఈ తేడా చెప్పలేరని కాదు. ‘ఆన్ ద గ్రౌండ్ దట్’ ఉంది, పేపర్లవాళ్ల ‘సైటింగ్’ ఉంది. నాలుగు ఆప్షన్లలో మాత్రం ఎప్పుడూ అవి కనపడవు. బికాజ్, సో, సిన్స్, ఆల్దో. పరీక్షలో కారణం ఎప్పుడూ నిజమే. ఎవరు చెప్పిన కారణం అని అడిగే గడి ఉండదు.

ఈ ఊరికి అలాంటి గడి కావాలి. 1965లో నిపుణుల బృందం అయిదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని చెప్పింది. కేంద్రం మాట తేల్చలేదు. 1966 అక్టోబరులో అమృతరావు నిరాహారదీక్షకి కూచున్నాడు, నవంబరు 1న ఊళ్లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ లోక్‌సభలో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు, జాతికి అంకితం అయ్యేసరికి 1992 వచ్చింది. ఆ రోజుల నినాదం అందరికీ తెలుసు: విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. వ్యాకరణంగా చూడండి, అందులో క్రియ లేదు, అతుకూ లేదు. ఎందుకు హక్కు అని చెప్పలేదు. అప్పట్లో చెప్పక్కర్లేదనుకున్నారు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మడానికి ఆమోదం తెలిపింది. ఆ తరవాత ఊరంతా అతుకులే. ‘నష్టాలొస్తున్నాయి కాబట్టి అమ్ముతున్నారు’ అని ఒకరు. ‘నష్టాలొస్తున్నాయని అమ్ముతున్నారు’ అని ఇంకొకరు. వినడానికి ఒకటే వాక్యంలా ఉంటాయి. టీ కొట్టు దగ్గర ఆ రెండో మాట అన్నవాడు ఏ పక్షమో చుట్టూ నిలబడ్డవాళ్లకి క్షణంలో తెలిసిపోతుంది. మూడో మనిషి అందుకుంటాడు: ‘సొంత గనుల్లేవు కాబట్టి నష్టాలు.’ మిగతా పెద్ద కర్మాగారాలకి సొంత ఇనుప గనులున్నాయి, దీనికి లేవు. ఇప్పుడు కారణం అనుకున్నది కార్యం అయి కూచుంది. ఏది ముందు, ఏది వెనక? 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు కూడా ఈ వాదన ఆగలేదు, అతుకులు మారాయంతే.

మా బావ అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. మా మేనకోడలు ఉక్కునగరం క్వార్టర్లో పెరిగింది. ఇదంతా నేను లైబ్రరీ బయట మెట్ల మీద చెప్తుంటే కాసేపు విని, “అయితే మావయ్యా, ‘నష్టాలొస్తున్నాయని అమ్ముతున్నారు’ని ఇంగ్లీషులో పెట్టు” అంది. దే ఆర్ సెల్లింగ్ ఇట్ బికాజ్… అని మొదలుపెట్టి ఆగిపోయాను. బికాజ్ అంటే నేను ఒప్పుకున్నట్టే. సేయింగ్ దట్ అన్నాను, అదీ అతకలేదు. క్లెయిమింగ్ దట్ అంటే దెబ్బలాటకి వెళ్లినట్టుంది. ‘అని’లో అంత దురుసు లేదు. నమ్మలేదనదు, నమ్మాననదు.

“ఇది పరీక్షలో రాదులే,” అంది. సంచీ భుజాన వేసుకుని, మళ్లీ కుర్చీ పోతుందని లోపలికెళ్లిపోయింది.